వార్నిష్ పోయకముందు

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో నూర్ మొహమ్మద్ మోటారు వైండింగ్ షాపు. ఎండాకాలం వస్తే కాలిపోయిన బావి మోటార్లు వాకిలి దాటి రోడ్డు మీదికి వరస కడతాయి. రాగి తీగ కొత్తగా చుట్టాక, వార్నిష్ పోయడానికి ముందు ఆయన గోడకి వేలాడే టెస్ట్ ల్యాంపు వైర్లు తీసి ఒక్కో చుట్టకీ ఆనించి చూస్తాడు. వెలగాల్సిన చోట బల్బు వెలగాలి, వెలగకూడని చోట వెలగకూడదు. తను చుట్టిందే అయినా సరే, చూడకుండా వదలడు.

"నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా సాయిబూ?" అని రైతులు ఎగతాళి చేస్తారు.

"చెయ్యి మీద ఉంది. వార్నిష్ మీదే లేదు. పోసి కాల్చినాక తప్పు దొరికితే తీగంతా కోసి పారెయ్యాల. ఇప్పుడైతే ఒక ముడి ఇప్పితే సరిపోద్ది" అంటాడాయన.

ఆయన కూతురు సాబిరా ఆ షాపు అరుగు మీద కూర్చుని లెక్కలు చదువుకుంది. పేటలోనే బీఎస్సీ చేసి, గుంటూరులో కంప్యూటర్ డిప్లొమా పూర్తి చేసింది. దేన్నీ ఒక్కసారికి నమ్మే రకం కాదు. "ఇది సంబంధానికొచ్చిన పిల్లోణ్ణి గూడా ల్యాంపు పెట్టి చూస్తది" అని తల్లి అమీనా బీ నెత్తి కొట్టుకునేది. నిజంగానే వచ్చిన వాళ్ళలో ఇద్దరిని "ఫ్యాక్టరీలో ఉద్యోగమన్నారు, ఏ ఫ్యాక్టరీ, ఏ షిఫ్టు?" అని అడిగి వెనక్కి పంపింది కూడా.

1987లో పేటలో ఒక ఎరువుల కొట్టు పైన కంప్యూటర్ సెంటర్ పెట్టారు. యజమాని అమరేశ్వరరావు. ఆ గదికి ఏసీ ఉండేది, చెప్పులు బయట విప్పి రావాలి. గుడికి వచ్చినట్టు రైతులు గుమ్మంలో నిలబడి చూసి పోయేవాళ్ళు. సాబిరాకి అక్కడ ఉద్యోగం దొరికింది. ఆడపిల్ల, పైగా తురకల అమ్మాయి, ఆ మిషను ముందు కూర్చోవడం పేటలో చాలామందికి మింగుడుపడలేదు. తక్కువ జీతానికి దొరికింది కాబట్టి అమరేశ్వరరావుకి మాత్రం బాగానే మింగుడుపడింది.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. కాలవ నీళ్ళు తక్కువ, తగాదాలు ఎక్కువ. ఎగువ రైతులకెంత, దిగువ రైతులకెంత అన్న పంచాయితీ పడలేక కాలవ ఆఫీసు ఒక మేజరు కాలవని ఎంచుకుంది. ఆ కాలవ కింద తూములకి ఏ రోజు ఎవరి వంతో కంప్యూటరే తేలుస్తుందని చెప్పింది. మిషనుకి బంధువులు లేరు, కులం లేదు, ఇక ఎవరూ నోరెత్తక్కర్లేదన్నారు. పని అమరేశ్వరరావుకి దక్కింది. అదే కాలవ మొదటి తూము కింద వాళ్ళ కుటుంబానికి మంచి మాగాణి ఉందన్న మాట ఎవరూ పైకి అనలేదు.

ప్రోగ్రాం రాయడానికి హైదరాబాదు కంపెనీ నుంచి వీరాంజనేయులు వచ్చాడు. వెల్దుర్తిలో పుట్టి ఎంటెక్ చదివినవాడు, నెమ్మదస్తుడు. అతను ముందు ప్రోగ్రాం రాయలేదు, బొమ్మ గీశాడు. పెద్ద చార్టు మీద గళ్ళు, గళ్ళ మధ్య బాణాలు. ఒక గడి గేటు, ఒక గడి ఎగువ తూము, ఒక గడి చివరి తూము, ఒకటి గేట్లు ఎత్తి దించే లస్కరు చెప్పే సమాచారం, ఒకటి ఫిర్యాదులు, నడుమ వంతుల లెక్క. సమాచారం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో బాణాలు చెప్తాయి. తూము కమిటీల వాళ్ళు ఈ బొమ్మ మీద సంతకాలు పెట్టాక, హైదరాబాదులో దాన్ని ప్రోగ్రాంగా రాస్తారు. సాబిరా పని, బొమ్మకి శుభ్రమైన నకలు తీసి సంతకాలు చేయించడం. అంతవరకే.

ఆమె నకలు తీస్తూ ఒక్కో బాణం మీదా వేలు పెట్టి నడిపించింది. చివరి తూము గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"ఈ గడిలోకి బాణం వస్తోంది గానీ, బయటికి ఒక్కటీ పోవట్లేదేంటి సార్?" అని వీరాంజనేయుల్ని అడిగింది.

"లస్కరు వారం వారం అన్ని తూముల సంగతీ సెక్షను ఆఫీసులో చెప్తాడు కదండీ. తేడా వస్తే ఫిర్యాదుల గడి ఉంది."

"ఫిర్యాదు రాకపోతే?"

"సమస్య లేనట్టు. ప్రోగ్రాం అక్కడ కొంత వంతు తగ్గించి, ఫిర్యాదులున్న తూముకి కలుపుతుంది. మూడేళ్ళ సమాచారం చూశాను సాబిరా గారూ. ఎగువ నుంచి కుప్పలు తెప్పలుగా ఫిర్యాదులు. చివరి తూము నుంచి ఒక్కటి కూడా లేదు."

కరువు ఏడాది, కాలవ చివర, ఒక్క ఫిర్యాదు లేదు. ఆమె మనసులో బల్బు వెలగకూడని చోట వెలిగింది. ఫిర్యాదుల్ని ఎవరో తొక్కిపెట్టారనుకుంది. ఎవరో కూడా మనసులో అనేసుకుంది. ఆ మధ్యాహ్నమే అమరేశ్వరరావు వచ్చి, "సంతకాలు తొందరగా కానియ్ అమ్మాయ్, సాగదీయకు" అన్నాడు. ఆ తొందర ఆమె అనుమానానికి నెయ్యి పోసినట్టయింది.

చివరి తూము గొల్లవాగుపాడుది. రొంపిచెర్ల దాటాక బస్సు దిగి చేల మధ్య నడవాలి. చుట్టిన చార్టు చంకలో పెట్టుకుని సాబిరా ఆ ఊరు వెళ్ళింది. తూము కమిటీలో ఆ ఊరి తరఫు మనిషి వీరరాఘవమ్మ. భర్త పోయాక రెండెకరాల మిరప చేను తనే చూసుకుంటోంది. ఆ చేను మీదే ఆమె బతుకు. చేలో మిరప మొక్కలు పచ్చగా, మోకాలు దాటి ఉన్నాయి. పూత అప్పుడే తొంగి చూస్తోంది.

"నీళ్ళు బాగానే అందుతున్నయ్ పిల్లా" అంది వీరరాఘవమ్మ, కలుపు తీస్తూ తలెత్తకుండానే.

"ప్రతి వంతుకీ?"

"ప్రతి వంతుకీ. నువ్వెవురి తరఫున వచ్చినవు?"

"కంప్యూటర్ సెంటర్ నుంచి పిన్నీ."

"అదే, ఎవురిదది?"

సాబిరా పేరు చెప్పింది. వీరరాఘవమ్మ కొడవలి చెంగుకి తుడుచుకుని లేచింది. "బాగానే అందుతున్నయ్యని జెప్పు మీ అయ్యగారికి" అని గట్టు దిగి వెళ్ళిపోయింది.

సాబిరాకి అవమానంతో పాటు, తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. పచ్చటి చేను ఎదురుగా ఉంది, అబద్ధం ఎక్కడుంది? అయినా చివరి తూము వంతు పడే మంగళవారం మళ్ళీ వచ్చింది. కాలవ గట్టు వెంట నడిచింది. పైన మొదటి తూము దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఇసక బస్తాలు అడ్డం పడున్నాయి. కిందికి వచ్చే కొద్దీ నీళ్ళు పలచబడి, గొల్లవాగుపాడు తూము దగ్గరికి వచ్చేసరికి అడుగు మట్టి పెచ్చులు లేచి ఉంది. గట్టు మీద లస్కరు ఇన్నయ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా వెలిసిపోయి పసుపు రంగుకి వచ్చింది.

"అక్కా, అందిందా?" అని అతను గట్టు మీంచి కేకేశాడు.

"అందింది!" అని చేలోంచి వీరరాఘవమ్మ జవాబు.

సాబిరా ఎండిపోయిన కాలవలోకి దిగి నిలబడి ఆ మాట విన్నది. ఇన్నయ్య ఆమెని అప్పుడే చూశాడు. సైకిలెక్కి పోయాడు.

ఆ సాయంత్రం షాపులో తండ్రికి చెప్పింది. "చుట్ట తెగిపోయి ఉంది అబ్బా, బల్బు మాత్రం వెలుగుతోంది."

నూర్ మొహమ్మద్ సుత్తి పక్కన పెట్టి ఆలోచించాడు. "అయితే కరెంటు ఇంకో దారిన పోతన్నట్టు బేటీ. ఆ దారి ఏందో చూడు. ఊరికే తీగని తిట్టబాక."

ఆ మాట పట్టుకుని ఆమె మూడోసారి వెళ్ళింది. ఈసారి ప్రశ్నలు వెయ్యలేదు. కళ్ళంలో చార్టు పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. "ఒక ఆట ఆడదాం రండి" అంది. పొద్దువాలి పనుల్లోంచి వచ్చిన వాళ్ళు ముందు నవ్వారు. పేటలో కంప్యూటరు ఏం చెయ్యబోతోందో చూపిస్తానంటే దగ్గరికి వచ్చారు. ఇన్నయ్యని కూడా ఎవరో పిలుచుకొచ్చారు. అతను ఆమెకి దూరంగా, చుట్ట కాలుస్తూ నిలబడ్డాడు.

గడికో మనిషిని కూర్చోబెట్టింది. ఎగువ తూము గడిలో యల్లమంద అనే కౌలు రైతుని పెట్టి, "నువ్వు మొదటి తూము ఆసామివి" అంది.

"అట్టయితే నాకు మీసాలు పెట్టాల" అన్నాడు యల్లమంద. కళ్ళమంతా గొల్లుమంది.

ఇన్నయ్య లస్కరు గడిలో, అంటే తన గడిలోనే. వీరరాఘవమ్మ చివరి తూములో. సాబిరా నడుమ, కంప్యూటరు. నీళ్ళకి గులకరాళ్ళు. గేటు గడి నుంచి గుప్పెడు రాళ్ళు బయల్దేరాయి. యల్లమంద అన్నీ తన ఒళ్ళో పోసుకుని, "నీళ్ళు సాలటల్లా, నా సేను ఎండిపోతంది!" అని కేకలు పెట్టాడు. ఆ కేక ఫిర్యాదుల గడికి చేరింది. ఇన్నయ్య వంగి, "అక్కా, అందిందా?" అని అడిగాడు.

"అందింది" అంది వీరరాఘవమ్మ.

"ఏమే, రాయి నీ చేతిలో లేదు గదే! అందిందంటావేంది?" అని పక్కామె నవ్వింది. అలవాటు మీద అనేసినందుకు వీరరాఘవమ్మ కూడా నవ్వింది.

"ఇప్పుడు కంప్యూటరు ఏం చేస్తుందో చూడండి" అంది సాబిరా. చివరి తూముకి రావాల్సిన రాళ్ళలో కొన్ని తీసి యల్లమంద ఒళ్ళో వేసింది. "ఈమెకి సమస్య లేదు. ఆయన ఏడుస్తున్నాడు. ఆయనకి ఇద్దాం."

రెండో ఆటలో ఇంకొన్ని పోయాయి. మూడో ఆటకి వీరరాఘవమ్మ వంతుకి పెట్టడానికి రాళ్ళు లేవు. నవ్వులు ఆగిపోయాయి.

"మళ్ళీ అడుగు ఇన్నయ్యా" అంది సాబిరా.

ఇన్నయ్య అడగలేదు. చుట్ట నేలకి రాసి ఆర్పాడు. "ఇయ్యన్నీ మా గుట్టు లాగడానికేనా పిల్లా?" అన్నాడు.

"ఏం గుట్టు?"

అతను వీరరాఘవమ్మ వంక చూశాడు. ఆమె కాసేపు చార్టు వంక చూసి, "ఇంక దాసి ఏంజేస్తం అన్నా" అంది.

అప్పుడు చెప్పారు. దిగువ వంతు రోజున ఎగువ ఆసాములు కాలవకి అడ్డకట్టలు వేస్తారు. తీయమని చెప్పే దమ్ము లస్కరుకి లేదు. నీళ్ళు చేరలేదని ఆఫీసులో చెబితే, "నువ్వేం కాపలా కాస్తున్నావ్?" అని అతన్నే పట్టుకుంటారు, అడ్డకట్ట వేసిన వాళ్ళ జోలికి పోరు. అందుకని ఇన్నయ్య అందిందా అని అడుగుతాడు, ఊరు అందిందంటుంది. ఎగువ చేలు తడిసి, గేటు మూసేసే రోజుల్లో అతను తెల్లారగట్ల వచ్చి షట్టరు జానెడు ఎత్తుతాడు. ఆ నీళ్ళు గొల్లవాగుపాడు దాకా జారిపోతాయి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చేబదులు తడి. ఏ కాగితంలోనూ ఉండదు. మాట మీద నడుస్తుంది. ఆ ఊరి మిరప దాంతోనే పచ్చగా ఉంది.

సాబిరా చార్టు మీద గేటు గడి చూపించింది. "కొత్త పద్ధతిలో గేట్లకి తాళాలు పడతాయి. కంప్యూటరు కాగితంలో ఉన్న టైముకే తీస్తారు. షట్టరు ఎత్తే పని ఇక ఇన్నయ్య చేతిలో ఉండదు."

అంటే వంతు నీళ్ళూ పోతాయి, చేబదులు నీళ్ళూ పోతాయి. ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వీరరాఘవమ్మ లేచి చేను వైపు తిరిగి నిలబడింది. పూత మీదున్న మిరప ఒక్క తడి తప్పినా రాల్చేస్తుంది.

"ఇప్పుడు మార్చొచ్చు. బొమ్మే గదా, రబ్బరుతో పోతుంది. హైదరాబాదులో రాసేసి, మిషన్లో ఎక్కించాక అడిగితే, ఎవరూ వినరు. మీ ఊరి నుంచి లోపలికి ఒక బాణం గీయించాలి. నీళ్ళు ఇంతవరకు వచ్చాయని మీ తూము దగ్గర నుంచే తెలియాలి. నీళ్ళు రావట్లేదని ఒక్క మాట చెబితే చాలు" అంది సాబిరా.

"ఆ ఒక్క మాట నా మెడకి సుట్టుకుంటదమ్మా" అన్నాడు ఇన్నయ్య. "మూడేళ్ళ నుంచి అందిందని జెప్పిన నోరు నాదే. రాలేదంటే ఇన్నాళ్ళు అబద్ధం జెప్పినట్టు. మల్లా సేనెట్టా పండిందంటే, దొంగతనంగా గేటెత్తినట్టు. రెండు కేసులు."

ఫిర్యాదులు ఎవరో తొక్కిపెట్టారని సాబిరా అనుకుంది. తొక్కిపెట్టడానికి అసలు ఫిర్యాదే పుట్టలేదు. అడ్డకట్టలు వేసినవాళ్ళు వేశారు, చూసీ చూడనట్టున్న ఆఫీసు అలాగే ఉంది, దిగువ వాళ్ళు బతకడానికి ఒక అబద్ధాన్ని అలవాటు చేసుకున్నారు. వీరాంజనేయులు ఆ అబద్ధాన్నే తీసుకుని శ్రద్ధగా బొమ్మ గీశాడు. ఇందులో కుట్ర పన్నిన మనిషి ఒక్కడు కూడా ఉండక్కర్లేదు. లాభపడే మనిషి మాత్రం ఉన్నాడు.

సంతకాల రోజు పేటలో ఏసీ గది నిండిపోయింది. కమిటీల వాళ్ళు, కాలవ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు, బల్ల మీద చార్టు. అందరూ గబగబా సంతకాలు పెట్టారు. వీరరాఘవమ్మ కలం తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"మా తూముకి నీళ్ళు రావటల్లేదయ్యా. ఈ బొమ్మలో మేము సెప్పుకునే దారి లేదు. అది గీస్తేనే పెడతా."

ఇంజనీరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "మూడేళ్ళుగా నోరెత్తని మనిషివి, ఇవ్వాళ ఎవరు నేర్పారమ్మా?"

గదిలో అందరూ సాబిరా వంక చూశారు. అమరేశ్వరరావు మెల్లగా, నవ్వుతూనే అన్నాడు: "మా అమ్మాయి ఈ మధ్య సెలవు పెట్టకుండా రొంపిచెర్ల బస్సులెక్కుతోందని విన్నానులెండి. సంఘాల వాళ్ళతో తిరుగుతోందో ఏమో. ఏమ్మా వీరరాఘవమ్మా, నీ చేను పచ్చగా ఉందటగా? నీళ్ళు రాకుండానే పండిందా?"

నిజం చెబితే ఇన్నయ్య పోతాడు. చెప్పకపోతే చేను పోతుంది. కలం బల్ల మీదే ఉంది. ఇంజనీరు దాన్ని వీరరాఘవమ్మ వైపు ఒక అంగుళం జరిపాడు. ఆమె చెయ్యి దాని మీదికి పోయింది.

"ఆగక్కా" అన్నారెవరో.

గుమ్మంలో ఇన్నయ్య. చెప్పులు విప్పమంటే విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్ళు రాలేదు సార్. వచ్చినయ్యని నేను జెప్పింది అబద్ధం. అడ్డకట్టలు ఏసినోళ్ళని ఆపలేక జెప్పిన. గేటు మూసినాక నేనే ఎత్తి వాళ్ళకి నీళ్ళిచ్చిన. నామీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ఆయమ్మ అడిగిన గీత మాత్రం గియ్యండి."

"అడ్డకట్టలు ఎవరు వేశారు?" అని ఇంజనీరు అడిగాడు.

ఇన్నయ్య అమరేశ్వరరావు వైపు చూడలేదు. గదిలో మిగతా అందరూ చూశారు.

వీరాంజనేయులు పెన్సిలు తీశాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. "లోపలికి వచ్చేదే తప్పయితే, నేను ఎంత సరిగ్గా రాసినా బయటికి తప్పే వస్తుంది సార్" అన్నాడు ఇంజనీరుతో. చివరి తూము గడి దగ్గర ఒక బాణం గీశాడు. దాని పక్కన 'గేజి కర్ర' అని రాశాడు. చివరి తూములో ఒక కొలత కర్ర పాతాలి, వంతు రోజున దాని మీద నీళ్ళెంతవరకు ఉన్నాయో ఆ అంకె నేరుగా లెక్కలోకి పోవాలి, ఫిర్యాదు లేదని ఎవరి వంతూ తగ్గించకూడదు. వంతు తగ్గించే పాత గీత చెరిపి, రబ్బరు పొడి చార్టు మీంచి ఊదేశాడు. నలుగురి ముందు జరిగింది కాబట్టి ఇంజనీరు సరేననక తప్పలేదు. వీరరాఘవమ్మ అప్పుడు సంతకం పెట్టింది.

ఆ బాణానికి ఖరీదు పడింది. ఇన్నయ్యని వినుకొండ వైపు ఒక గోడౌను కాపలాకి మార్చారు, ఇంక్రిమెంటు ఆపారు. అడ్డకట్టలు వేసిన వాళ్ళకి నోటీసు కూడా పోలేదు. ఇది రాయకుండా ఉండటానికి వీల్లేదు. సాబిరాని సోమవారం నుంచి రావద్దన్నారు. "నమ్మకం లేని చోట పని చేయకూడదమ్మా" అని అమరేశ్వరరావు నీతి చెప్పాడు.

వీరాంజనేయులు హైదరాబాదు వెళ్ళాక తన కొత్త చార్టొకటి బస్సు పార్సిల్లో ఆమెకి పంపాడు. మచిలీపట్నం వైపు ఏదో ధాన్యం గోదాముల పని. "రాయడం మొదలుపెట్టకముందు ఒకసారి అనుమానంతో చూసి పంపండి" అని దాని వెంట చిన్న ముక్క. తర్వాత ఇంకొకటి వచ్చింది. మోటార్ల మధ్య అరుగు మీద చార్టు పరుచుకుని, బాణం మీద వేలు పెట్టి నడిపిస్తూ కూర్చునే సాబిరాని చూసి రైతులు, "ఈ షాపులో ఇప్పుడు బొమ్మలకి గూడా వైండింగ్ చేస్తన్నారా?" అనడం మొదలుపెట్టారు.

కొత్త పద్ధతిలో గొల్లవాగుపాడుకి మొదటి వంతు పడిన మంగళవారం సాబిరా వెళ్ళింది. తూము దగ్గర ఊరు ఊరంతా ఉంది. నీళ్ళలో నల్ల గీతల గేజి కర్ర. దాని పక్కన కొత్త లస్కరు సత్తార్, చేతిలో కలం. ఇన్నయ్య సైకిలు నిలబెట్టే చోట ఎవరూ నిలబడలేదు.

కాలవలో నీళ్ళు వచ్చాయి. మట్టి రంగులో, నురగతో, మెల్లగా. మిరప చేల మీద తూనీగలు ఎగురుతున్నాయి.

"ఏం పిన్నీ, అందిందా?" అని సత్తార్ అడిగాడు.

"అందిం..." అని వీరరాఘవమ్మ ఆగిపోయింది. సాబిరా వంక చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కాలవలోకి దిగింది. కర్ర దగ్గరికి వంగి, నీళ్ళు తాకిన గీతని వేలితో పట్టుకుంది.

"సగమే" అంది. "సగమే వచ్చినయ్. అట్టనే రాయి."